ఇద్దరు ఉస్తాదులు, ఒక బరాబర్

ఇరవై మూడేళ్ల వయసులో లోకంలో నాకు తెలియని సంగతి ఒక్కటీ లేదు. ఆ వయసులో అందరికీ అంతేనేమో కానీ, నాకు చేతిలో పెన్ను, భుజాన సంచి, పత్రిక వాళ్లిచ్చిన గుర్తింపు కార్డు కూడా ఉండటంతో జబ్బు కాస్త ముదిరింది. గద్వాలలో మా పత్రికలో కొత్తగా చేరిన విలేకరిని నేను. విలేకరి అంటే మీరేదో ఊహించుకునేరు! ముగ్గుల పోటీలు, పచ్చళ్లు, ఎండాకాలంలో చంటిపిల్లల జాగ్రత్తలు, అదీ నా సామ్రాజ్యం. ఆ రోజులు తలుచుకుంటే ఎండ కూడా మెత్తగా కాసినట్టే అనిపిస్తుంది. (గద్వాలలో ఎండ ఎప్పుడూ మెత్తగా కాయదు. అదంతా వయసు చేసిన మాయ.)

అలాంటి నన్ను మా ఆఫీసు పెద్దాయన ఒకరోజు పిలిచి కుస్తీ గురించి రాయమన్నాడు. ఆటల వార్తలు రాసే అన్నకు జ్వరం, ఆదివారం పేజీ ఖాళీ. "పాత పైల్వాన్లు ఇద్దరున్నరమ్మా. ఒకాయన మన గద్వాల, ఇంకొకాయన వనపర్తి. ఇద్దర్ని పక్కపక్కన పెట్టి, ఎవరి కుస్తి ఎట్లుంటుండెనో రాయి" అన్నాడు. "సార్, నాకు కుస్తి తెల్వదు" అన్నాను. "పచ్చళ్లు తెల్సే రాసినవా?" అన్నాడు. నిజమే. నా ఉసిరికాయ పచ్చడి చేసి చూసినవాళ్లెవరూ మళ్లీ మా పత్రికకు ఉత్తరం రాయలేదు.

గద్వాల ఆయన్ని చిటిక ఉస్తాద్ అనేవారు. బరిలోకి దిగితే చిటికేసినంతలో ఎదుటివాణ్ని పడేసేవాడట. ఆయన కుస్తీ చూద్దామని చెప్పులు విడిచి కూర్చునేలోపే అయిపోయేదనీ, ఆ తోపులాటలో మళ్లీ చెప్పులు వెతుక్కోవడానికే ఎక్కువసేపు పట్టేదనీ మా బాబాయి చెప్పేవాడు. రాయచూరు దాకా పోయి గెలిచి వస్తే, బస్టాండు నుంచి ఇంటి దాకా భుజాల మీద మోసుకొచ్చేవారట. మోకాలు దెబ్బతిని ముప్పై అయిదేళ్లకే కుస్తీ మానేసినా ఆ పేరు మాత్రం మాసిపోలేదు. వనపర్తి ఆయన నిమ్మళం ఉస్తాద్. తొందరన్నది ఆయన ఒంట్లోనే లేదు. ఒక పట్టు పట్టి, అలాగే పట్టుకుని ఉండేవాడు. జనం పోయి చాయ్ తాగి వచ్చేవారు, పల్లికాయలు ఒలుచుకు తినేవారు, ఆయన అదే పట్టులో ఉండేవాడు. చివరికి ఎదుటివాడు విసిగి ఒక్కసారి కదిలితే, ఆ కదలికలోనే వాడు వెల్లకిలా పడేవాడు. యాభై దాటే దాకా ఊరూరా తిరిగి కుస్తీ పట్టాడు, ఎన్నో గెలిచాడు, గెలిచిన ప్రతిసారీ నడుచుకుంటూనే ఇంటికి వెళ్లాడు. ఆ నిదానానికి ఈల వేసినవాడు ఒక్కడూ లేడు.

ముందు వనపర్తి వెళ్లాను. గేదెల కొట్టం పక్కన మంచం వేసుకుని కూర్చున్నాడు నిమ్మళం ఉస్తాద్. మాట కూడా ఆయన కుస్తీలాగే ఉండేది. నేనొక ప్రశ్న అడిగితే, ఆయన దాన్ని పట్టుకుని, అటు చూసి, ఇటు చూసి, గేదెకు గడ్డి వేసి వచ్చి, అప్పుడు జవాబు మొదలుపెట్టేవాడు. కానీ ఏ పట్టులో ఎదుటివాడి ఊపిరి ఎలా మారుతుందో, ఎప్పుడు వాడి కాలివేళ్లు మట్టిని వదులుతాయో ఆయన చెబుతుంటే నాకు మత్తు కమ్మినట్టయింది. ఏదో పాట వింటున్నట్టు రాసుకుంటూ పోయాను. నాగర్‌కర్నూల్ దగ్గరి ఒక జాతరలో ఈ ఇద్దరూ జీవితంలో ఒకే ఒక్కసారి తలపడ్డారని నాకు ముందే తెలుసు. ఆ సంగతే చెప్పించుకోవాలని నా ఆరాటం. ఆయన కథ నాగర్‌కర్నూల్ చేరేలోపు నా బస్సు వచ్చేసింది.

సరే, ఆ ముక్క చిటిక ఉస్తాద్‌నే అడుగుదామని మర్నాడు గద్వాల తాలింఖానాకు పోయాను. తాలింఖానా అంటే కుస్తీ నేర్పే చోటు. ఆడపిల్ల లోపలికి రాకూడదని గడప దగ్గరే స్టూలు వేశారు. "తాతా, నాగర్‌కర్నూల్ల నిమ్మళం ఉస్తాద్‌తోని పట్టిన్రు గదా, గెలిచిన్రా?" అని అడిగాను. ఆయన మీసం సవరించుకుని, కళ్లు మూసుకుని, ఒకే ఒక్క మాట అన్నాడు.

"బరాబర్."

మా ఇంట్లో "రేపు పెండ్లికి వస్తవా?" అంటే "బరాబర్ వస్త" అంటాం. అంటే తప్పకుండా, ఢోకా లేకుండా అని. ఇక నాకు ఏం కావాలి? మీసం, మూసిన కళ్లు, బరాబర్! ఆ ఊపులో ఆఫీసుకొచ్చి, "నాగర్‌కర్నూల్ మట్టిని నిమ్మళం ఉస్తాద్ వీపుకు అంటించిన ఘనత చిటిక ఉస్తాద్‌దే" అని రాసేశాను. కుస్తీలో వీపు మట్టికి ఆనితే ఓడినట్టని అప్పటికి నేర్చుకున్నాను కదా, ఆ చదువంతా అక్కడ వాడేశాను. శీర్షిక కూడా నాదే: "చిటికలో చిత్తు". (ఇప్పుడు తలుచుకుంటే చెవులు కాలుతున్నాయి.)

ఆదివారం పేజీ వచ్చింది. గురువారం చిటిక ఉస్తాద్ కబురు పంపాడు. శాలువా కప్పుతారేమోనని కొత్త చుడీదార్ వేసుకుని పోయాను. వాకిట్లో ఎండిన పూలదండలు రెండు వేలాడుతున్నాయి, ఊళ్లోవాళ్లు వేసి పోయారట. ఆయన మాత్రం మూడు రోజులుగా సరిగా అన్నం తిననట్టున్నాడు.

"బిడ్డా, బరాబర్ అంటే ఏమనుకున్నవ్?"

"పక్కాగ గెలిచిన్రు అని, తాతా."

ఆయన రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "ఆరి దేవుడా! కుస్తిల బరాబర్ అంటే ఇద్దరు సమానం. ఎవ్వడు గెల్వలె, ఎవ్వడు ఓడలె. పొద్దుగూకె దాక పట్టినం, ఆఖర్కి పెద్దమనుషులు ఇద్దరి చేతులు లేపి బరాబర్ అన్నరు. గప్పటి సంది మేం దోస్తులం. నలభై ఏండ్ల దోస్తాన! నేను గెలిచిన్నని ఊర్ల డప్పు కొట్టుకుంటున్ననని అనుకోడా ఆయన? నా మొఖం ఎట్ల సూపియ్యాలె?"

ఉద్యోగం పోతుందన్న భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది సిగ్గు. ఒక్క మాట సరిగా అడగనందుకు ఇద్దరు ముసలివాళ్ల స్నేహం కూలిపోతోంది. "సవరణ ఏస్తం తాతా" అన్నాను. "గది ఎన్క. ముందుగాల వనపర్తికి పద" అన్నాడు.

బస్సెక్కాం. బీచుపల్లి వంతెన మీద ఆయన కృష్ణను చూసి దండం పెట్టుకున్నాడు. నేనూ పెట్టుకున్నాను, కానీ ఏం కోరుకోవాలో తోచలేదు. కిటికీలోంచి పల్లి చేలు ఒకటే పచ్చగా, ఒకటే నిదానంగా వెనక్కి పోతుంటే, ఈ బస్సు ఎప్పటికీ వనపర్తి చేరకపోతే బాగుండుననిపించింది. బస్సు మాత్రం ఆ రోజే సమయానికి చేరింది.

నిమ్మళం ఉస్తాద్ అక్కడి తాలింఖానా ముందు అరుగు మీద ఉన్నాడు, చేతిలో మా పత్రిక. చిటిక ఉస్తాద్ నోరు తెరవబోతే చేత్తోనే ఆపాడు. చాయ్ తెప్పించాడు. తాగాం. గ్లాసులు తీసుకుపోయారు. అప్పటికి నా గుండె నాలుగుసార్లు ఆగి మొదలైంది.

"సదువు బిడ్డా" అన్నాడు పత్రిక నా చేతికిచ్చి.

మొదలుపెట్టాను. ఆయన గురించి రాసిన చోటికి వచ్చాను: "నిమ్మళం ఉస్తాద్ ఎదుటివాణ్ని పడేయడు. వాడికే పడుకోవాలనిపించే దాకా పట్టుకుంటాడు."

"మళ్ల సదువు."

మళ్లీ చదివాను. ఇంకోసారి చదవమన్నాడు. మూడోసారి ఆయన పెదవులు కూడా నాతో పాటు కదిలాయి. ఆ తర్వాత నాగర్‌కర్నూల్ ముక్క వచ్చింది. పత్రిక మడిచేశాను. "తాతా, ఇది తప్పు. నాకు తెల్వక రాసిన. సవరణ ఏస్తం" అన్నాను.

"ఏమని ఏస్తవ్?"

"మొన్న రాసింది తప్పు అని."

"మరి నా పట్టు గూడ తప్పేనా?"

"అది గాదు తాతా, ఆ ఒక్క లైనే."

"జనం గట్ల సదువరు బిడ్డా. తప్పు అని కనపడితే అంత తప్పే అనుకుంటరు" అన్నాడు. పత్రికను నా చేతిలోంచి తీసుకుని, మోకాలి మీద పెట్టి చేత్తో సాపు చేశాడు. "ముప్పై ఏండ్లు పట్టిన కుస్తి. ఒక్కడు గిట్ల చెప్పలె. మా మనుమండ్లు టీవీల కుస్తి చూస్తరు, నన్ను మాత్రం పాలు పిండే తాత అంటరు. మొన్న దీన్ని సదివి, 'తాతా, ఆ పట్టు మాకు గూడ సూపియ్యి' అన్నరు. ఉండనీ. ఓడిపోయిన్నని ఉంటే ఉండనీ."

చిటిక ఉస్తాద్‌కు కోపం వచ్చింది. "నువ్వు ఓడలేదు! నేను గెల్వని కుస్తి నా పేర్న వద్దు నాకు! జిందగీల ఒక్క అబద్ధం ఆడలె, గీ వయసుల ఆడాల్నా? సవరణ పడాల్సిందే!"

"వద్దు."

"పడాలె!"

గెలుపు నాకొద్దంటే నాకొద్దని ఇద్దరు ఇంతగా కొట్లాడుకోవడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. చివరికి నిమ్మళం ఉస్తాద్ లేచాడు. లేవడమే చాలాసేపు లేచాడు. చొక్కా విప్పి అరుగు మీద మడిచి పెట్టి, తాలింఖానా లోపలి ఆరుబయలు మట్టిలోకి దిగి, "రా దోస్త్" అన్నాడు. చిటిక ఉస్తాద్ ముందు తెల్లబోయాడు, తర్వాత ఆయన కళ్లలో ఏదో వెలిగింది, ఆయనా చొక్కా విప్పాడు. "తాతా, వద్దు, మోకాళ్లు!" అని గడప దగ్గర నిలబడి నేను అరుస్తున్నా ఎవరూ వినలేదు. ఇద్దరూ వంగి చెరో పిడికెడు మట్టి తీసి, ఒకరి చేతులకు ఒకరు రాసుకున్నారు. మెడల మీద చేతులు పడ్డాయి. నెరిసిన తలలు రెండూ ఆనుకున్నాయి. గాలి లేదు, చప్పుడు లేదు, ఎర్రటి దుమ్ము ఎండలో లేచి అలాగే నిలబడింది. ఎంతసేపని చెప్పలేను. నాకైతే నలభై ఏళ్ల వెనకటి జాతర దగ్గరే నిలబడి చూస్తున్నట్టుంది.

అప్పుడు నిమ్మళం ఉస్తాద్, దోస్తు భుజాన్ని ఆసరా చేసుకుని, మెల్లగా కూర్చున్నాడు. ఒక కాలు చాపాడు. రెండో కాలు చాపాడు. తర్వాత, ఏ తొందరా లేకుండా, వెల్లకిలా పడుకున్నాడు.

"లే! లే అంటున్న!" అని చిటిక ఉస్తాద్ చెయ్యి పట్టి గుంజాడు. మోకాలు సహకరించక ఆయనే పక్కన కూలబడి, ఆ పెద్ద మీసం తడిసేలా ఏడ్చాడు. నిమ్మళం ఉస్తాద్ మట్టిలో పడుకునే నా వైపు తల తిప్పి నవ్వాడు.

"ఇగ నీ పేపర్ల తప్పేముంది బిడ్డా?"

సవరణ వేయలేదు. ముందు అచ్చయి, నాలుగు రోజుల తర్వాత జరిగిన వార్త నా ఉద్యోగంలో అదొక్కటే. నిమ్మళం ఉస్తాద్ లేచి కూర్చున్నాక, తాలింఖానా గడప దాటకూడదన్నది కూడా మరిచి లోపలికి పరుగెత్తి, వీపు మీది మట్టి దులపబోయాను. "ఉండనీ, మనుమండ్లకు సూపియ్యాలె" అని నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ పట్టు ఎలా ఉంటుందో తెలియకుండానే దాని మీద అరపేజీ రాసిన ఆ ఇరవై మూడేళ్ల పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆయన వదిలాక కూడా చాలాసేపు నేను అక్కడినుంచి కదల్లేదు.