గోడవతలి గొంతు

రత్నం దాలమ్మని క్షమించిందా, కసి తీర్చుకుందా? ఇన్నేళ్ళయినా ఈ ప్రశ్నకి జవాబు దొరకలేదు.

బెంగాలీ గడ్డ మీద, ఖరిదా దగ్గర రైల్వే క్వార్టర్లలో ఇద్దరికీ గోడ ఒకటే, కుళాయి ఒకటే. మొగుళ్ళిద్దరూ వర్క్‌షాపులో ఫిట్టర్లు. కుళాయి దగ్గర వంతు కోసం మొదలైన తగువు ఇద్దరూ మాటలు మానేసేదాకా వెళ్ళింది. మానేశారంటే ఊరుకున్నారని కాదు. దాలమ్మ తన కోడిపెట్టని తిట్టేది, రత్నం తన బకెట్టుని తిట్టేది. తగలాల్సిన వాళ్ళకి తగిలేది.

"ఓసే పెట్టా, సిగ్గునేదేటే? అందరి వంతూ నీదేనా?"

"బకెట్టూ, నువ్వు నిండవే. కోళ్ళతో మనకేటి పని!"

రత్నం గొంతు మధ్యలో పుట్టుకతోనే ఉసిరికాయంత బుడిపె. గుటక వేస్తే పైకి లేచేది. కోయిస్తే మాట పడిపోతుందని వాళ్ళమ్మ భయపెట్టింది. అందుకని ఎవర్నీ ముట్టనివ్వలేదు.

ఎనభై ఎనిమిది వేసవిలో, నీళ్ళు సన్నధారగా వస్తున్న పొద్దున, రత్నం దాలమ్మ బిందెని కాలితో పక్కకి తన్నింది. దాలమ్మకి కోడి గుర్తురాలేదు. సూటిగా మొహంలోకి చూసి అరిచింది.

"నీ గొంతు పుచ్చిపోను!"

క్వార్టర్ల లైనంతా విన్నది.

చలికాలం వచ్చేసరికి బుడిపె గట్టిపడి పెరిగింది. రత్నం మొగుడు గణపతిరావు ఆమెని బతిమాలి ఆపరేషన్ చేయించాడు. తీసిన బుడిపెని పరీక్షకి పంపితే అందులో క్యాన్సర్ ఉందన్నారు.

ఇక కుళాయి దగ్గర దాలమ్మ బిందె పెడితే చాలు, మిగతా వాళ్ళు తమ బిందెలు వెనక్కి లాక్కునేవాళ్ళు. "దాని నోట్లో ఏటో ఉందే, పిల్లల్ని ఇటు రానీకండి" అనేవాళ్ళు, వినబడేటట్టే.

దాలమ్మ గణపతిరావుని దారిలో ఆపింది. "అన్నా, నానన్నందుకే వొచ్చినాదా?"

"నీకేటి పిచ్చా సెల్లీ? డాక్టరు దీదీ బొమ్మ గీసి సూపించినాది. తల్లి కడుపులో ఉన్నప్పుడు థైరాయిడ్ నాలిక మొదలు కాణ్ణించి కిందికి దిగుద్దంట. ఆ దారి మూసుకోకపోతే తిత్తి కడుద్దంట. నూటికొక్కరికి ఆ తిత్తిలోనే క్యాన్సర్ పుడతాదంట. మొత్తం తీసేసినాం, భయం నేదన్నాది."

"ఆ ముక్క కుళాయికాడ సెప్పు."

"నాను సెప్తే ఎవులు నమ్ముతారు? రత్నం సెప్పాల."

రత్నం ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చింది. గొంతు మీద అడ్డంగా గాటు. కుళాయి దగ్గర అందరూ ఉండగా దాలమ్మ కోడిని పట్టుకుని నిలబడింది. "ఓసే పెట్టా, పుట్టుకతో వొచ్చినదానికి నానేటి సేసినానే? ఉన్నమాట ఒక్కటి సెప్పమను."

రత్నం బకెట్టు నింపుకుంది. బకెట్టుని కూడా ఏమీ అనలేదు. వెళ్ళిపోయింది.

మాట పడిపోయిందేమో అనుకుంది దాలమ్మ. మర్నాడు గోడవతల నుంచి చేపలవాడితో రత్నం బేరం వినబడింది. "ఏటి దాదా, ఇది నిన్నటి ఇలిషా, మొన్నటిదా? దాని కళ్ళు సూడు!"

గొంతు నిక్షేపంగా ఉంది. అందులో మాట తనకే లేదు.

"తిట్టవే! తిట్టి సావవే!" దాలమ్మ గోడని గుద్దింది. అవతల గిన్నెల చప్పుడు తప్ప ఏమీ లేదు. అంతే, ఏళ్ళ తరబడి అంతే.

తొంభై నాలుగులో గణపతిరావు రిటైరై సొంతూరు పలాస బయల్దేరాడు. రత్నం లైనంతా తిరిగింది. ప్రతి ఇంటి ముందూ ఆగింది, పిల్లల గడ్డాలు పట్టుకుంది, ఒకరిద్దరితో కళ్ళు తుడుచుకుంది. దాలమ్మ తన గుమ్మంలో నిలబడి ఉంది. వాళ్ళందరి ముందూ ఒక్క మాట అంటే చాలు. తిట్టయినా సరే.

రత్నం రిక్షా వైపు నడిచింది. దాలమ్మ చంకలోని పెట్టని దారిలోకి వదిలింది. "ఓసే పెట్టా, ఎల్లిపోతన్నారే..."

కోడి రత్నం కాళ్ళకి అడ్డం వచ్చింది. రత్నం ఆగి దాన్ని చూసింది. కుచ్చిళ్ళు కొంచెం పైకెత్తుకుని, దాన్ని తప్పించుకుని, రిక్షా ఎక్కింది.