పోలెండు సినిమాకి వదిన చెప్పిన మాటలు

విత్తనానికి ఉంచిన వేరుశనక్కాయల్ని మిషన్లో వేస్తే గింజకి దెబ్బ తగిలి మొలవదు. అందుకని మా ఊళ్లో ఆడవాళ్లం చేత్తోనే ఒలుస్తాం. ఆ మధ్యాహ్నం మా అత్త, పక్కింటి వదిన, నేను మా ముందు గదిలో కాయల చుట్టూ కూర్చున్నాం. సీరియల్ అయిపోయింది. టీవీలో నెట్ పెట్టి ఏదో నొక్కితే పోలెండు దేశం సినిమా వచ్చింది, ఏదో నవలని తీశారట. మార్చబోతుంటే మా అత్త ఆపింది.

"ఉంచే, ఆ ఆవుల్ని సూడు, ఎంతేసి ఉన్నాయో!"

వాళ్ల మాట మనకి అర్థం కాదు. కింద ఇంగ్లీషు పడుతోంది. పదో తరగతి దాకా చదివినదాన్ని కదా, కూడబలుక్కుని చదివి మన మాటల్లో చెప్పడం మొదలుపెట్టాను. ఒక పిండిమర యజమాని సైన్యం నుంచి తిరిగొచ్చాడు. అతను లేనప్పుడు పెళ్లాం మరని చక్కగా నడిపిందని ఊరంతా పొగిడితే, ఓర్చుకోలేక బెల్టు తీశాడు. నేనూరుకుంటానా? అతనికో గొంతు, ఆమెకో గొంతు పెట్టేశాను.

"ఏటంతన్నాడే ఆ సచ్చినోడు?"

"'నాను లేపోతే నీకు బాగున్నాదేటే?' అంతన్నాడత్తా."

వదిన ఒలవడం ఆపేసింది. వాళ్లాయన్ని నేను అన్నయ్య అనే పిలుస్తాను. అతను వదినని కొడతాడని వీధంతటికీ తెలుసు. మా రెండిళ్లకీ ఒకటే గోడ, అటు ఏం పగిలినా మాకు వినిపిస్తుంది. అడిగితే వదిన మాత్రం నూతి దగ్గర జారానంటుంది.

తెర మీద బెల్టు లేచింది. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. కింద ఒక్క మాటే పడింది, 'వద్దు' అని. నేను చెప్పేలోపే వదిన అందుకుంది.

"కొట్టరా, కొట్టు! నీకు కూడొండి పెట్టినాను, నీ యమ్మ మంచాన పడితే ఎత్తి పోసినాను. నాను బయపడితేనే గానీ నీకు ముద్ద దిగదేటి? నీ పీనిగెల్లిపోను!"

"బాగా అంతన్నాదే!" అని మా అత్త నవ్వింది. మరుక్షణమే నవ్వు ఆపేసింది. వదిన చూస్తున్నది టీవీని కాదు, రెండిళ్ల మధ్య గోడని.

తలుపు ధడాలున తెరుచుకుంది.

"ఎవుల్నే అంతన్నావు?"

అన్నయ్య వదిన జుట్టు పట్టుకుని ఈడ్చాడు. ఆమె నుదురు గడపకి కొట్టుకుంది. చాట తిరగబడి గింజలు గదంతా చెదిరాయి. కడుపులో తన్నాడు. నేను అతని చెయ్యి పట్టుకుంటే నన్ను టీవీ బల్ల మీదికి విసిరాడు. నడుం విరిగిందనుకున్నాను.

"సినిమా అన్నియ్యా! సినిమాలో మాటలు! అదిగో, సూడు!"

చూశాడు. తెర మీద అతనింకా కొడుతూనే ఉన్నాడు. అప్పటికే వీధి జనం గుమ్మంలో మూగారు. వాళ్లని చూసి అన్నయ్య నవ్వేశాడు.

"సినిమా మాటలంట! నాకేటి తెలుసు?" అని వాళ్లతో అని, వదిన వైపు తిరిగాడు. "సినిమాయేనని సెప్పియ్యే. లెగు, ఇంటికెల్దుం."

తలూపమని వదినకి సైగ చేశాను. ఊపితే ఆ పూటకి గండం గడుస్తుంది. ఆమె కంట్లోకి కారుతున్న రక్తం కొంగుతో తుడుచుకుంది.

"సినిమాలోది కాదు. నిన్నే అన్నాను. మల్లీ అంతాను."

పిడికిలి ఆమె నోటి మీద పడింది. పన్ను ఊడి గింజల్లో పడింది. అతను మళ్లీ చెయ్యెత్తేసరికి, మా అత్త మూలనున్న రోకలి తీసి అతని మోకాలి మీద వేసింది. ఎండు కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. అరుస్తూ కూలబడ్డాడు.

"సంపేస్తావేటి అత్తా!"

"లెగిసినావంటే రెండోది కూడా ఇరగ్గొట్టెస్తానొరే!"

"మొగుడూ పెళ్లాల ఇసయం, ఇంట్లో సూసుకోవాల గానీ..." అని గుమ్మంలో ఒక పెద్దాయన మొదలుపెట్టాడు. వదిన అతన్ని తోసుకుంటూ వీధిలోకి నడిచింది. తడిగుడ్డ తీసుకుని నేను వెనకే పరిగెత్తాను. ముఖం తుడవబోతే నా చెయ్యి నెట్టేసింది.

వీధి చివరున్న ఆటో అతను ఆమెని చూసి అదిరిపోయాడు. "సీపురుపల్లి ఆస్పత్రికేనా అమ్మా?"

"ముందు పోలీసు టేసనుకి," అంది వదిన, వాచిన నోటితో. "ఈ రగతం ఆరకముందే ఆల్లు సూడాల."

నేను పక్కన ఎక్కాను.