దలా నుంచి చైనా పేటకు: అన్నయ్య షుగర్ రకం తెలుసుకుందామని

మా అన్నయ్య యోహానుకు ఏ మాత్ర వేసినా షుగర్ దిగదు. అదే మాత్రతో వదిన నిక్షేపంగా ఉంది. ఇద్దరిదీ ఒకే జబ్బంటే నాకు నమ్మబుద్ధి కాదు. అందుకే యాంగోన్ చైనా పేటలోని ఒక వైద్యశాల గురించి చర్చిలో విన్నప్పుడు ప్రాణం లేచొచ్చింది. తిన్నది ఒంట్లో కరిగేటప్పుడు పుట్టే పదార్థాలను అక్కడ రక్తంలో కొలుస్తారట. దానికి చైనా వైద్యులు నాలుకలో, నాడిలో చూసే గుర్తులు జతచేసి, షుగర్ రోగులను రకాలుగా విడదీసే పరిశోధన జరుగుతోందట. రకం తెలిస్తే సరైన మందు పడి, అన్నయ్య కాలి పుండు మానుతుందని నా ఆశ. అన్నయ్యయితే రకం తేలేదాకా పెద్దాసుపత్రి గుమ్మం తొక్కనని మొండికేశాడు.

ఆ పరిశోధనకు రక్తం తీసుకునే ఆఖరి రోజున, పరగడుపున బయల్దేరాం. తెల్లారాక, యాంగోన్‌కు నది ఇవతలున్న మా దలా రేవు కిటకిటలాడుతుంది. ఫెర్రీ టికెట్ చవకే, దాటడం కూడా ఎంతోసేపు కాదు. నిలబడలేని మనిషి వెంట ఉంటే మాత్రం ఎక్కగానే ప్లాస్టిక్ కుర్చీ అద్దెకు తీసుకోండి. నేను కుర్చీ తెచ్చేసరికి అన్నయ్య బుగ్గన కిళ్ళీ ఉంది.

“అదేటన్నయ్యా! ఏటీ తినొద్దన్నారు కదా?”

“కిళ్ళీ తిండేటే? నమిలి ఊసీడమే. కడుపులోకేటీ ఎల్లదు.”

మా వాళ్ళు ఉపవాస ప్రార్థన రోజున కూడా కిళ్ళీ మానరు. నేనూ సరేలే అనుకున్నాను.

అవతలి ఒడ్డున పాన్సోడాన్ రేవులో దిగి టాక్సీ ఎక్కాం. ముందే ధర మాట్లాడుకోవడం మంచిది. డ్రైవర్ అన్నయ్య కాలి కట్టు చూసి, “మా నాన్నకూ ఇలాగే మొదలైంది” అన్నాడు. తర్వాతేమైందో నేను అడగలేదు.

వైద్యశాలలో సయామ, అంటే డాక్టరమ్మ, అన్నయ్య నాడి పట్టుకుని నాలుక చాపమంది. ఎర్రగా పండిపోయి ఉంది.

“నేను చూడాల్సింది నాలుక రంగు, దాని మీది పూత. కిళ్ళీ కింద ఏం కనబడుతుంది? రక్తంలోనూ పొగాకు జాడలు కలిసిపోతాయి. ఈయన్ని పరిశోధనలోకి తీసుకోలేం.”

“ఓపాలి కడుక్కొచ్చీనా, సయామా?” అని అన్నయ్య కుళాయి దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళాడు. కండువాతో నాలుకను రుద్దీ రుద్దీ వచ్చి, చిన్నపిల్లాడిలా మళ్ళీ చాపాడు. రంగు పోలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

ఆవిడ నేల మీద కూర్చుని కట్టు విప్పింది. వేళ్ళు నల్లబడి ఉన్నాయి.

“రకం తెలిసేదాకా ఈ కాలు ఆగేది కాదమ్మా. ఇన్నాళ్ళూ ఎందుకు ఆగారు?”

“ఈ పరీక్ష కోసమే” అన్నాను.

అక్కణ్ణుంచి నేరుగా పెద్దాసుపత్రికి వెళ్ళాం. మోకాలి కింద తీసేయాలని చెప్పి వెంటనే చేర్చుకున్నారు. వదిన వచ్చాక, సాయంత్రం నేనొక్కదాన్నే ఫెర్రీ ఎక్కాను. కుర్చీలావిడ నన్ను గుర్తుపట్టి, పొద్దుటి కుర్చీనే తెచ్చి వేసింది. అందులో కూర్చోలేకపోయాను. మనుషుల్ని రకాలుగా విడదీసే ఆ విద్య మీద నాకు కోపం లేదు, మంచిదే అయ్యుంటుంది. కానీ మంచం మీంచి అన్నయ్య అడిగిన మాట చెవిలోంచి పోవడం లేదు: “ఇంతకీ నాది ఏ రకమే, సెల్లీ?” ఇక ఎవరూ చెప్పరు. ఇలాంటి పరీక్షకు వెళ్ళేవాళ్ళు కొన్ని రోజుల ముందే కిళ్ళీ మానేయండి. కాలికి పుండుంటే మాత్రం నాలుక చూపించేదాకా ఆగకండి, ముందు కాలు చూపించండి.