దగ్గు తగ్గితేనే ఆపరేషన్

నా నోరు మంచిది కాదని మా అమ్మ బతికినన్నాళ్ళూ అంటూనే ఉంది. కాదనను. బెజవాడలో నర్సు పని నేర్చుకుని సూర్యాపేట సర్కారు దవాఖానలో చేరిన కొన్నాళ్ళకే, నా గొంతు వినబడితే చాలు, వరండాలో బీడీలన్నీ టపటపా ఆరిపోయేవి. పోలీసు యాక్షన్ అయిపోయి దారులు తెరుచుకున్నాయి. జనం మళ్ళీ బళ్ళు కట్టుకుని పల్లెలనుంచి రావడం మొదలుపెట్టారు.

అప్పట్లో ఆపరేషన్ అంటే ఈథర్ వాసన చూపించి మత్తు ఇచ్చేవాళ్ళం. పొగ పట్టిన ఛాతీకి అది సరిపడదు. మెలకువ వచ్చాక దగ్గు తెరలు తెరలుగా వస్తుంది, దగ్గుకు కుట్లు తెగుతాయి. మా డాక్టరుగారు హైదరాబాదునుంచి వచ్చినాయన, మాట తక్కువ. "పహ్లే ఖాన్సీ, ఫిర్ ఛురీ" అనేవాడు. ముందు దగ్గు సంగతి, తర్వాతే కత్తి. దగ్గుతున్న రోగిని బల్లమీదికి ఎక్కించేవాడు కాదు. మరి వాళ్ళచేత చుట్టలూ బీడీలూ ఎవరు మానిపించాలి? నోరున్నదాన్ని నేనేగా!

ఆ ఎండాకాలం నడిగూడెం దగ్గర పల్లెనుంచి ఒకావిడ వచ్చింది. నలభై దాటి ఉంటాయి. ఆరు కాన్పులైతే దక్కింది ఒక్క కూతురు. గర్భసంచి జారి కిందికి దిగిపోయింది. వంగి నాటు వేయలేదు, బిందె ఎత్తలేదు, నేలమీద కూర్చోలేదు. నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకుని నిలబడిపోయేది. ఈ అవస్థ ఎన్నాళ్ళనుంచని అడిగితే, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఎప్పటిసందో" అంది. మగడికి కూడా సరిగా చెప్పలేదట.

ఇప్పుడు ఎందుకు వచ్చిందంటే కూతురి కోసం. కూతుర్ని మిర్యాలగూడలో బియ్యం మిల్లులో పనిచేసే అబ్బాయికిచ్చారు. నెల తప్పింది, తొలి చూలు. ఏడో నెలలో పుట్టింటికి తెచ్చుకోవాలి. పుట్టిన పసిగుడ్డును కాళ్ళమీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోయాలంటే అమ్మమ్మ కింద కూర్చోవాలి కదా!

"నర్సమ్మా, నా బిడ్డ వచ్చెటాల్లకు నేను కూసునేటట్టు జెయ్యిండ్రి. ఇంకేం అడుగ మిమ్ముల" అని నా రెండు చేతులూ పట్టుకుంది.

డాక్టరుగారు ఛాతీమీద గొట్టం పెట్టి విన్నాడు. లోపల పిల్లికూతలు. చెవివెనక దోపుకున్న సగం చుట్ట చూసి తల అడ్డంగా ఊపాడు. దగ్గు తగ్గితేనే ఆపరేషన్, అదీ వానలు పడేలోపల. వానలొస్తే వాగులు పొంగుతాయి, బళ్ళు నడవవు. ఈలోగా దగ్గు తగ్గక ఇంటికి పంపేస్తే, మళ్ళీ రావడం ఇక కూతురి కాన్పు అయిపోయాకే.

మర్నాడు పొద్దున ఆవిడ వరండాలో ముంత చేతబట్టుకుని నిలబడి ఉంది. నేను మందుల ట్రే పట్టుకుని హడావుడిగా పోతూ, "చూడమ్మా, ఇవాళ్టినుంచి తాగడం పూర్తిగా మానెయ్యాలి. పొద్దున లేదు, సాయంత్రం లేదు. తాగావో, నీకు ఆపరేషన్ లేదు" అన్నాను.

ఆవిడ నా మొహం చూసింది, ముంతలోకి చూసుకుంది. "ఒక్క గుటక గూడ వద్దా?" అంది దీనంగా.

"గుటక లేదు, గిటక లేదు!" అని గదిమి వెళ్ళిపోయాను.

ఆ మరుసటి మధ్యాహ్నం నల్లా దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. దగ్గేమో ఇంకా ఎక్కువైంది. పట్టుకొచ్చి మంచంమీద వేశాం. దగ్గరికెళ్తే గుప్పున చుట్ట వాసన. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏమమ్మా, తాగొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా?"

"నేను తాగలే నర్సమ్మా, నా బిడ్డమీద ఒట్టు! నిన్నటిసంది అంబలి ముట్టలే. నీల్లు గూడ నోట్ల పోసుకోని పుక్కిలిచ్చి ఊంచిన."

"అంబలి ఎవరు మానమన్నారు? చుట్ట కదా నేనన్నది!"

ఆవిడ నోరు తెరిచింది. "చుట్ట తాగుతరా? చుట్ట గుంజుతరు గద!"

వార్డు వార్డంతా ఒక్కటే నవ్వు. పక్క మంచంమీది ముసలమ్మ పొట్ట పట్టుకుని, "ఓయమ్మ! మీ ఆంధ్రోల్ల మాటలు పాడుగాను, పొగను గూడ తాగుతరట!" అని ఇంకో నాలుగు మంచాలకు వినిపించింది. మా వైపు నీళ్ళూ తాగుతాం, చుట్టా తాగుతాం. వాళ్ళ పల్లెలో ఆడవాళ్ళకు తాగేది అంబలి, గుంజేది చుట్ట. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అట్లా అయింది నా వైద్యం. నాకూ నవ్వాగలేదు. ఆవిడకు పట్టుబట్టి రెండు ముంతల మజ్జిగ తాగించి, ఆవిడ భాషలోనే చెప్పాను: "చుట్ట గుంజొద్దు. గుంజినవో, నేనే సంపుత!"

గుంజనని ఒప్పుకుంది. చెవివెనక చుట్ట తీసి నా చేతిలో పెట్టింది కూడా. చెయ్యి ఊరుకోదు కదా, మాటిమాటికీ చెవి దగ్గరికి పోయేది. బుగ్గన పెట్టుకోవడానికి కరక్కాయ ముక్క ఇచ్చాను. పొద్దునంతా బాగానే ఉండేది. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక మాత్రం దగ్గరికెళ్తే అదే వాసన. అడిగితే మొహం గోడవైపు తిప్పుకునేది.

ఇదేదో తేల్చాలని ఒక మధ్యాహ్నం వెంటపడ్డాను. ఆవిడ గోడ పట్టుకుంటూ పట్టుకుంటూ వంటగది వెనక్కి వెళ్ళింది. కొంగుముడి విప్పి చుట్టముక్క తీసింది. పొయ్యిలో నిప్పు అందుకుంది.

"దొరికావు!" అన్నాను.

పారిపోలేదు, దాచుకోలేదు. కళ్ళనిండా నీళ్ళు. "ఏం జెయ్యాలె నర్సమ్మా, గిది రెండు గుంజులు గుంజితే ఆకలి సస్తది" అంది.

"ఆకలేంటి? ఇప్పుడే కదా పళ్ళెంలో అన్నం పెట్టించి వచ్చాను!"

"గది మా ఆయనకు వెట్టిన."

అప్పుడు తెలిసింది. ఆవిడకు తోడుగా వచ్చిన మగడు దవాఖాన వరండాలోనే పడుకుంటూ, పగలు ధాన్యం అమ్మే గంజ్‌లో మూటలు మోసుకుంటున్నాడు. మధ్యాహ్నం వచ్చేసరికి దవాఖానవాళ్ళు రోగికి పెట్టిన అన్నం ఆయన ముందు పెట్టి, నేను తిన్నానని చెబుతోంది. ఇవాళ కొత్త కాదు. కాపురానికి వచ్చిన కొత్తలో, అందరూ తిన్నాక కుండలో ఏమీ మిగలకపోతే, అత్తగారు తన చుట్ట విరిచి సగమిచ్చి గుంజమందట. అప్పటినుంచీ అంతే. గింజలున్న ఏడు తిండి, లేని ఏడు చుట్ట.

"అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆకలేస్తోందని ఒక్కసారైనా అడగొచ్చు కదా?" అన్నాను.

"అమ్మనైతే అడుగొచ్చు. అత్తగారింట్ల ఎట్లడుగుతం?"

అత్తగారు పోయి పదేళ్ళు దాటిందట! నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఏడుపు మింగేసి కోపాన్ని పట్టుకుని వార్డులోకి నడిచాను. మగడు పళ్ళెం ముందు కూర్చుని ఆఖరి ముద్దలు కలుపుతున్నాడు. గడ్డం నెరిసింది, భుజంమీద మూటల ఒరుపు.

"పెద్దాయనా, అది నీ పెళ్ళాం అన్నం. ఆవిడ పొద్దుటినుంచి పచ్చి గంగ ముట్టలేదు" అన్నాను, పదిమందీ వినేటట్టు.

ఆయన చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. వెనక వస్తున్న భార్యవంక చూశాడు. "తిన్ననంటివి గదనే" అన్నాడు. ఆ ముద్ద తినలేక, కిందపెట్టలేక అట్లాగే కూర్చుండిపోయాడు. చూస్తే జాలేసింది. అయినా అన్నమాట వెనక్కి తీసుకోను, ఇప్పుడైనా అదే అంటాను.

ఆ రోజునుంచి మధ్యాహ్నం నేను స్టూలు వేసుకుని ఆవిడ మంచం పక్కనే కూర్చునేదాన్ని. తిన్నదాకా కదలనిచ్చేదాన్ని కాదు. మగడు తనంతట తనే ఆ వేళకు గేటు బయట నిలబడేవాడు. వేయించిన శనగలు పొట్లం కట్టించి తెచ్చి నాకిచ్చి, "జర మీరే ఇయ్యిండ్రమ్మా, నేనిస్తే నాకే మిగులుస్తది" అనేవాడు. కడుపు నిండాక చుట్టమీద యావ కొంచెం తగ్గింది. పూర్తిగా పోతుందా? కొన్ని పూటలు నన్ను తిట్టిపోసేది. "నీకు పెండ్లిగాలే, పిల్లలు గాలే, నా బాధ నీకేమెరుక" అని శాపనార్థాలు పెట్టి, తిట్టడం అయిపోగానే నా చెయ్యి పట్టుకుని ఏడ్చేది. ముందు దగ్గు ఇంకా ఎక్కువై కఫం పడింది. ఆవిడ హడలిపోయింది. లోపలి మసి బయటికి పోతోంది, మంచిదే అని ధైర్యం చెప్పాను. ముక్కుతో గాలి నిండా పీల్చి నోటితో ఉఫ్‌మని వదలడం నేర్పాను. మంచాల వరసంతా ఉఫ్ ఉఫ్ అంటుంటే డాక్టరుగారు గుమ్మంలో నిలబడి నవ్వాపుకునేవాడు.

మృగశిర కార్తె ఇంకా రాలేదు. ఒకరోజు డాక్టరుగారు మళ్ళీ గొట్టం పెట్టి విన్నాడు. ఎప్పటికన్నా ఎక్కువసేపు విన్నాడు. ఆయన గొట్టం మెడలో వేసుకుని, "ఠీక్ హై" అన్నాడు.

ఆపరేషన్ బాగానే అయింది. ఆ సాయంత్రం మత్తు దిగాక ఆవిడ గొంతులో గరగర మొదలైంది. కళ్ళు పెద్దవి చేసి నావైపు చూసింది. దగ్గితే అంతా పోతుందని ఆవిడకూ తెలుసు. తల కింద చెయ్యి పెట్టి లేపి, "భయపడకు అత్తా, నోరు తెరువు, ఉఫ్ అను" అన్నాను. ఎందుకో అత్తా అనేశాను. సన్నగా ఉఫ్ అంది. ఇంకోసారి అంది. గరగర కఫమై నోట్లోకి వచ్చి, దగ్గు రాకుండానే పోయింది. నేను మొహం అటు తిప్పుకుని కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

కుట్లు నిలిచాయి. కొన్ని వారాలకు నా భుజం పట్టుకుని నెమ్మదిగా చాపమీద కూర్చుంది. కాళ్ళు చాపుకుని తన మోకాళ్ళను తనే రెండు చేతులతో నిమురుకుంది.

వానలు తెరిపిచ్చి వాగులు తగ్గాక, ఇంటికి పోయేరోజు మగడు బండి మాట్లాడుకుని వచ్చాడు. బరువులెత్తొద్దు, వంగి పని చెయ్యొద్దు, చుట్ట మాత్రం ఈ జన్మకు వద్దు, దగ్గు తిరగబెడితే పడ్డ పాటంతా బూడిదలో పోసిన పన్నీరే అని అప్పగింతలన్నీ పెట్టాను. ఆవిడ అన్నింటికీ తలూపింది. బండి దగ్గర ఆగి, మగడికి వినపడకుండా నా చెవిలో, "ఇంటికాడ ఆకలైతే ఏం జెయ్యాలె నర్సమ్మా?" అంది.

నాకు నోట మాట రాలేదు. నాకు! నా స్టూలు పట్టుకెళ్ళి వాళ్ళ పల్లెలో వేసుకుని కూర్చోలేను కదా.

ఆయన విన్నాడు. ఎద్దుల పగ్గాలు వదిలి మా దగ్గరికి వచ్చాడు. "ఆకలైతే నాకు జెప్పు" అన్నాడు.

"ఊకో. సిగ్గుగాదా" అంది ఆవిడ. "చుట్ట ఇడువుమంటె ఇడిసిన. గా మాట నా నోట్లెకెల్లి రాదు."

"పండుగ దాటంగనే బిడ్డ కడుపుతోని ఇంటికొస్తది. నీ కడుపుల పుట్టిన పిల్ల, దానికి గూడ గిదే సిగ్గు. ఆడ మిర్యాలగూడల తింటుందో, తిన్ననంటుందో ఎవలికెరుక? నువ్వంటె సూసి అదంటది. నువ్వనకపోతే అది గూడ అనది" అన్నాడు. "ఒక్కపారి అను. ఈడనే అను."

ఆవిడ నన్ను చూసింది, బండిని చూసింది, నేలను చూసింది. ముప్పై ఏళ్ళ కాపురం చేసిన మనిషి, కొత్త పెళ్ళికూతురిలా కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"ఆకలైతుంది" అంది.

ఆయన అక్కడే, దవాఖాన గేటు ముందు, దారినపోయే జనం మధ్య, బండిలోంచి సద్దిమూట దించి విప్పాడు. రొట్టె విరిచి ముందు ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ తినడం అయిందాకా తను ముట్టకుండా నిలబడ్డాడు.