బ్రేకు ఉన్న బండి

పోయిన ఆదివారం నిజామాబాద్ నుంచి బోధన్ పోతుంటే ఎడపల్లి దాటాక బస్సు ఆగిపోయింది. రెండు ట్రాలీల నిండా చెరుకు వేసుకుని వస్తున్న ట్రాక్టరు ఒకటి ముందు టైరు పగిలి రోడ్డుకు అడ్డంగా నిలిచింది. కిటికీ పక్క సీటు దొరికిన సంతోషంలో బయటికి చూశాను. చూడకుండా ఉండాల్సింది. రోడ్డు పక్కన యాసంగి వరి కళ్ళకు చల్లగా, పచ్చగా ఉంది. ఆ పచ్చదనం మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో ఒక పట్టీ మాత్రం పసుపు తిరిగి, మోకాలెత్తు కూడా లేకుండా గిడసబారి ఉంది. మొరం పోసి, రోలరు తిప్పించి, ఒక వేసవి మొత్తం మోటారుసైకిళ్ళు తిరిగిన నేల అది. ఆరేళ్ళుగా దున్నుతూనే ఉన్నా అక్కడ వేరు లోపలికి దిగడం లేదు. నా ముందు సీట్లో ఒకాయన పక్కవాడికి చూపించి చెప్తున్నాడు. "గీడనే, బ్రేకులు పీకేసి బండ్లు ఉరికిచ్చింది. బోధన్ల ఒక పిచ్చి మెకానిక్ ఉండె. ఆఖరికి ఆని కాలే పోయింది." పక్కవాడు నవ్వాడు. "బ్రేకుల్లేకుంటె పోదా మరి?" ఆ పిచ్చి మెకానిక్ మా బావ, అంటే మా అక్క భర్త. ముప్పై ఏళ్ళుగా బళ్ళో పిల్లలకు తెలుగు చెప్తున్నదాన్ని, ఒత్తు తప్పితేనే ఎర్ర సిరాతో సున్నా చుట్టేదాన్ని, ఆ మనిషి భుజం తట్టి "మీరు చెప్పింది తప్పు" అనలేకపోయాను. అనాల్సింది నేనే. ఆ సంగతి తెలిసినవాళ్ళం చాలా తక్కువమందిమి.

బావకు బోధన్ బస్టాండు వెనక రిపేరు షాపు ఉండేది. బండి చప్పుడు విని రోగం చెప్పేవాడు. ఎవరైనా కిక్కు కొడుతుంటే లోపల టీ తాగుతూనే "కార్బరేటర్ల కచరా" అని తీర్పు చెప్పేసేవాడు. పనిలేనప్పుడు ఫోనులో రేసులు చూడడం ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం. అవి కూడా అందరూ చూసేవి కావు. ఇంగ్లండులో స్పీడ్‌వే అని ఒక ఆట ఉందట. మట్టిబాట మీద నలుగురు నాలుగు చుట్లు, ఎప్పుడూ ఎడమ వైపే తిరగడం, మలుపులో బండిని పక్కకు జారనిస్తూ ఎడమ కాలు నేలకు ఆనించడం. దాంట్లోనూ పెద్ద లీగు ఆయనకు నచ్చదు. రెండో లీగు చూస్తాడు. ఎందుకు బావా అంటే, "పెద్దోళ్ళకు అన్నీ ఉంటయి. వీళ్ళు మనసొంటోళ్ళు. ఒకడు నల్లాలు బిగిస్తడట, ఇంకోడు లారీ తోల్తడట. వారమంత పనిచేసి అయితారం రేసుకొస్తరు" అనేవాడు. ఆ ఊళ్ళ పేర్లు ఒక్కటీ ఆయనకు సరిగ్గా పలకవు గానీ, ఏ వారం ఏ జట్టు ఎవరి ఊరికి పోయి ఓడిందో నోటికి చెప్పేవాడు. వాళ్ళు ఓడినరోజు మా అక్క వండిన కూరలో ఉప్పు తప్పకుండా తక్కువయ్యేది.

ఆ ఏడు ఎడపల్లి ఆసామి ఒకాయన చెరుకు కొట్టించి, బోర్లో నీళ్ళు అడుగంటి మళ్ళీ ఏమీ వేయకుండా పొలం పడావు పెట్టాడు. ఆ ఆసామి బండి బావే బాగుచేసేవాడు. మాటలో మాట కలిసింది. చెరుకాకు కాల్చిన నిప్పు ఇంకా ఆరకముందే మొరం ట్రాక్టర్లు వచ్చాయి. నాలుగు జట్లయ్యాయి. బోధన్, ఎడపల్లి, రుద్రూర్, నాలుగోది సరిహద్దు అవతలి మరాఠీవాళ్ళది. దీనికి 'రెండో లీగు' అని పేరు పెట్టింది బావే. మొదటిది ఏదని అడిగితే "గది మనతోని కాదు, రెండోదానికే మనం సరిపోతం" అన్నాడు. పాత బండ్ల లైట్లు, మడ్గార్డులు, స్టాండ్లు ఊడబెరికారు. ఎడమ బూటు కింద, నేలకు అరగకుండా, లారీ కమానుపట్టా ఇనుప ముక్క బిగించారు. మొదలుపెట్టే గీత దగ్గర అడ్డంగా కట్టడానికి మా అక్క పాత చీర అంచు పోయింది. మాది మెథడిస్టు కుటుంబం కాబట్టి ఆదివారం ఆరాధన ముగిసి, అన్నాలు తిని, ఎండ కాస్త తగ్గాకే ఇంజన్లు. పాస్టరు గారు ఒక్కసారి వచ్చి, ఆ రోజు ఆడే రెండు జట్లకూ సమానంగా ప్రార్థన చేసి, రేసు జరిగినంతసేపు కళ్ళు మూసుకునే ఉన్నారు.

లైట్లతో పాటు బ్రేకులు కూడా తీసేశారు. అక్కడే నాకు గుండె జారింది. ఎందుకంటే బావ జట్టులో రెండో మనిషి మా తమ్ముడు. అమ్మ పోయేనాటికి వాడికి పదేళ్ళు. నా దగ్గరే పెరిగాడు, అప్పటికి ఇరవై నాలుగు దాటినా నాకు మాత్రం జ్వరమొస్తే ఒళ్ళో పడుకునే పిల్లవాడే. బ్రేకుల్లేకుండా వాణ్ణి ఎట్లా పంపుతావని బావతో కొట్లాటకు దిగాను. ఆయన కోప్పడలేదు. చేతులు తుడుచుకుని ఓపిగ్గా చెప్పాడు.

"టీచరమ్మా, బ్రేకుంటెనే పానం నిలుస్తదనుకుంటున్నవ్. ముందలోడు ఆగడని ఎనకోనికి ఎరికుండాలె. గా ధైర్యంతోనే దగ్గర దగ్గర పోతరు. నలుగుర్ల ఒక్కనికి బ్రేకుంటె, మిగిలిన ముగ్గుర్ని ఆడు సంపినట్టే."

అర్థం కాలేదని చెప్పను. అర్థమైంది. అయినా నాకు మిగిలిన ముగ్గురితో పనిలేకపోయింది.

మొదటి రెండు వారాలు సంబరంగానే గడిచాయి. జనం ట్రాలీలెక్కి కూర్చునేవాళ్ళు. మూడోవారం రుద్రూర్ మనిషి మలుపులో పడి భుజం ఎముక విరిగింది. ఆ చప్పుడు ఇంజన్ల మోతలో కూడా వినిపించింది. మోటార్లు ఆగాక కూడా చెరుకాకు కాల్చిన నల్లటి మసి గాల్లో నుంచి మెల్లగా మా చీరల మీద పడుతూనే ఉంది. మరుసటి వారం ఆయన చేయి మెడకు కట్టుకుని చూడటానికి వచ్చాడు, జనం ఇంకా ఎక్కువ వచ్చారు. ఎండలు ముదిరాయి. బాట గట్టిపడింది, బండ్ల వేగం పెరిగింది. బళ్ళో హాజరు వేస్తూ వేస్తూ తమ్ముడి పేరు పిలిచాను ఒకసారి. పిల్లలు నవ్వారు, నాకు నవ్వు రాలేదు.

అప్పుడు చేశాను ఆ పని. తమ్ముడి బండి వారమంతా నిజామాబాద్‌లో మా ఇంట్లోనే ఉండేది. ఊళ్ళో వేరే మెకానిక్ దగ్గరికి తీసుకుపోయి, వెనక చక్రానికి బ్రేకు మళ్ళీ పెట్టమన్నాను. పెడలు మాత్రం పొట్టిగా కోసి, కుడికాలు పెట్టుకునే కడ్డీ వెనక దాచి, నల్లరంగు పూయించాను. తమ్ముడు గోల పెట్టాడు. "చిన్నక్కా, ఎవలన్న సూస్తె ఇజ్జత్ పోతది. బావ మొకం ఎట్ల సూడాలె?" "ఇజ్జత్ పోతే పోయింది, పానముంటది గదరా" అన్నాను. అమ్మ ఫొటో మీద చెయ్యి వేయించి, ప్రాణం మీదికి వస్తే తప్ప తొక్కనని మాట తీసుకున్నాను. ఎంత తెలివైనదాన్నో అనుకున్నాను. ప్రాణం మీదికి ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు రాలేదో ఆ వేగంలో, ఆ దుమ్ములో ఎవరికి తెలుస్తుంది?

దొరికిపోవాల్సిందే, నిజానికి. రేసు ముందు ఒక ఆనవాయితీ ఉండేది. ఒక జట్టువాళ్ళు ఇంకో జట్టు బండ్ల పక్కన కూర్చుని, కుడికాలు పెట్టే చోట బ్రేకు లేదు కదా అని చేత్తో తడిమి చూసేవాళ్ళు. ఆ వారం మరాఠీ జట్టు పెద్దాయన తమ్ముడి బండి దగ్గర వంగబోయాడు. ఇంతలో ఎడపల్లివాళ్ళు కలగజేసుకున్నారు. "బామ్మర్ది బండి బావకు ఎరికుండదా? ఆయన ముందట తడిమి సూసుడేంది, మర్యాద గాదు" అన్నారు. ఆ పెద్దాయన నాలుక కరుచుకుని, బావకు దండం పెట్టి లేచాడు. ఇక బావేమో బామ్మర్ది బండిని తానే అనుమానించి చూస్తే ఇంటి పరువేం కావాలి? ఆయనా చూడలేదు. ఆ రోజు నుంచి ఆ ఒక్క బండిని ఎవరూ ముట్టలేదు. నేను దేవుడి దయ అనుకుని, మరుసటి ఆదివారం చర్చిలో కానుక కొంచెం ఎక్కువ వేశాను.

చివరి ఆదివారానికి మృగశిర మబ్బులు వచ్చేశాయి. వాన పడలేదు, గాలి మాత్రం తిక్కతిక్కగా తిరుగుతోంది. ఆఖరి పందెంలో బోధన్ నుంచి బావా, తమ్ముడూ, రుద్రూర్ నుంచి ఇద్దరు. ఆ ఆటలో ఒకే జట్టువాళ్ళు ఇద్దరూ జతగా పోవాలట. ముందు తమ్ముడు, వాడి వెనక చక్రానికి జానెడు దూరంలో బావ, వెనకవాళ్ళకు దారి ఇవ్వకుండా. అంత దగ్గరగా ఎందుకు పోతున్నాడో నాకు బాగా తెలుసు, ముందువాడు ఆగడని ఆయనకు నమ్మకం. రెండో చుట్టులో రుద్రూర్ బండి ఒకటి ముందుకు దూకి, మలుపు మొదట్లో పడిపోయింది. మనిషి పక్కకు దొర్లిపోయాడు, బండి బాటలోనే ఉంది. అదే అదనుగా సుడిగాలి లేచి మలుపంతా దుమ్ము కమ్మింది. ఆ దుమ్ములో తమ్ముడి వెనక చక్రం తిరగడం మానేసి నేలను గీరుకుంటూ పోయింది. బాట అంచునే నిలబడ్డ నేను కళ్ళారా చూశాను. బావకు రెండే దారులు. తమ్ముడి మీదికి పోవాలి, లేదా కుడివైపు జనం ట్రాలీలున్న పక్కకు తిప్పాలి. ఆయన తిప్పాడు. జనం దూకి తప్పుకున్నారు, ట్రాలీ ఇనుప కొసకు తగిలి ఆయన మోకాలు నుజ్జయింది. మా అక్క పెట్టిన కేక నాకు ఇప్పటికీ ప్రెషర్ కుక్కర్ కూతలో వినిపిస్తుంది.

మరునాడు పొద్దున్నే, బావకు నిజామాబాద్ ఆస్పత్రిలో ఆపరేషను జరుగుతుండగా, నేను రాత్రే మా ఇంటికి చేరిన ఆ బండిని మళ్ళీ అదే మెకానిక్ దగ్గరికి తోసుకుపోయి బ్రేకు తీయించేశాను. అది చెప్పడానికి నాకు బ్రేకు పెట్టించిన దానికంటే ఎక్కువ సిగ్గు. తమ్ముడు ఆస్పత్రి వరండాలో నా కొంగు పట్టుకుని ఏడ్చాడు. "చిన్నక్కా, నేనే తొక్కిన. బావకు చెప్త." నేను వాడి నోరు మూశాను. "చెప్తే ఏమొస్తదిరా? కాలొస్తదా?" అన్నాను. కాలు రాదు, నిజమే. బావ పేరైనా నిలిచేదని అప్పుడు తోచలేదు, తోచినా తోచనట్టున్నాను. బావ మోకాలు ఇక వంగలేదు. కుర్చీలో కూర్చునైనా పని చేయగలడు గానీ, బ్రేకులు పీకిన మనిషికి బండి ఎవరిస్తారు? షాపు ముందు బండ్లు పలచబడ్డాయి. రెండేళ్ళకు బస్టాండు వెనక గది ఖాళీ చేసి ఇంటి ముందు గదిలోనే పంక్చర్లు వేయడం మొదలుపెట్టాడు. తమ్ముడు రుద్రూర్‌లో విత్తనాల కొట్లో కుదిరాడు, బండెక్కడు, బస్సులోనే తిరుగుతాడు, బావ ఇంటికి మాత్రం రాడు. మా అక్క ఆరేళ్ళుగా రోజుకొక్కసారైనా బావను తిట్టకుండా ఉండలేదు. ఆయన ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు.

ట్రాక్టరు టైరు మార్చుకున్నాక బస్సు కదిలింది. ఆ పూట అక్క ఇంటికి పోయేసరికి ఒకాయన స్కూటరు తెచ్చి ముందు గదిలో నిలబడి ఉన్నాడు. "గాలి కొడితె సాలు, బ్రేకుల జోలికి పోకు అన్నా" అని నవ్వి పోయాడు. బావ కూడా నవ్వాడు. అక్క కంచాలు పెడుతూ అందుకుంది. "నవ్వు, నవ్వు. గా బ్రేకులు పీకకపోతె నా ఇల్లు గిట్లుండకపోవు."

ఎందుకో ఆ క్షణం నోరు ఆగలేదు. "బ్రేకుండె అక్కా. తమ్ముని బండికి నేనే పెట్టిచ్చిన. ఆడు తొక్కిండు. గందుకే అయింది."

అక్క చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది. నేను బావ వైపు చూశాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"నాకెరికే" అన్నాడు. "చక్రం తిరగకుండ ఈడ్సుకపోతుంటె ఎనకున్నోనికి తెల్వదా? మెకానిక్‌ను గదా."

"మరి ఇన్నేండ్లు నాతోని ఎందుకు తిట్టిచ్చుకున్నవ్?" అంది అక్క.

"నన్ను తిడితె నేను ఈడనే ఉంట. ఆన్ని తిడితె ఆడేమైపోతుండెనో" అని బావ కంచం దగ్గరికి లాక్కున్నాడు. "తినుండ్రి, సల్లారుతది."

అక్క ఆయన పక్కన కూర్చుని, చాచి ఉన్న ఆ వంగని కాలును కాసేపు చూసి, లేచి ముగ్గురికీ వడ్డించింది. నా కంచంలోనూ అన్నం పెట్టింది, పప్పు పోసింది. ఇన్నేళ్ళలో మొదటిసారి "ఇంకింత ఏసుకో" అనలేదు. తమ్ముడికి ఫోను చేసి చెప్పాను. వాడి కాలు ఆ పెడలు మీద నిలిచింది రెప్పపాటు కంటే తక్కువే అయి ఉంటుంది. ఆ కాస్త సేపు ఆరేళ్ళు నడిచింది, ఇంకెన్నేళ్ళు నడుస్తుందో అక్క ముఖం చూశాక అడిగే ధైర్యం నాకు లేకపోయింది.