సుగుణ చెయ్యి ఆనించిన చోటు

మీ కంప్యూటర్ మొరాయిస్తే ముందు ఏం చేస్తారు? మూత విప్పి చూస్తారా, గుమ్మానికి నిమ్మకాయ కడతారా? నవ్వకండి. నల్లగొండలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణాలకే నిమ్మకాయలు వేలాడటం చూశాను.

దయ్యాలు, చేతబడులు అబద్ధమని ఊరూరా మైకు పట్టుకొని చెప్పినవాణ్ని నేను. బాణామతి చేసిందంటూ ఒక ముసలమ్మను కొట్టబోతే అడ్డంపడి దెబ్బలు తిన్నాను. ఇప్పటికీ నా మాట మారలేదు. అందుకే ఇది దాచకుండా రాస్తున్నాను. అంతుపట్టని దాన్ని దాచేవాడు హేతువాది కాడు.

నా భార్య సుగుణది పోచంపల్లి, మగ్గాల ఇల్లు. పెళ్లయ్యాక మగ్గం వదిలింది కానీ చీరల డిజైన్లు వదల్లేదు. కంప్యూటర్లో గీసి పుట్టింటికి పంపేది. నేత పనివాళ్లు కూర్చునే ముందు మగ్గాన్ని తాకుతారు. సుగుణ కూడా కంప్యూటర్ డబ్బా పక్కభాగానికి ఎడమ చెయ్యి ఆనించి, బటన్ నొక్కి, "లే బిడ్డా, తెల్లారింది" అనేది. మిట్టమధ్యాహ్నమైనా అదే మాట.

దానికి చెవులున్నాయా అని నేను ఎగతాళి చేసేవాణ్ని. "నీ ఉపన్యాసాలు వినేటోళ్లకు ఉన్నయా?" అనేది.

ఏండ్ల తరబడి ఆ చెయ్యి ఆనిన చోట నల్లరంగు పోయి రేకు తేలింది.

సుగుణ కామెర్లతో పోయింది. చివరగా గీసిన చీర డిజైన్ ఆ కంప్యూటర్లోనే ఉండిపోయింది. దాన్ని నేయాలని ఆమె చెల్లెలు ఆండాళు నూలు సిద్ధం చేసుకుంది. ఆ ఫైలు తెరవాలంటే పాత సాఫ్ట్‌వేరే కావాలి, అది మా దగ్గర తప్ప ఎక్కడా దొరకలేదు. కంప్యూటర్ చూస్తే ముసలిది, ఫైలు తెరుచుకునే లోపే ఆగిపోతోంది. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, పవర్ సప్లై అన్నీ కొత్తవి వేయించాను. పాత డిస్కు ఉంచాను. డబ్బా కూడా మార్చుకోమని దుకాణదారు అన్నాడు. వద్దన్నాను. ఎందుకని అతను అడగలేదు.

ఇంటికి తెచ్చి బటన్ నొక్కితే తెర మీద గుర్తు వచ్చింది. వెంటనే నీలం తెర పడి, మళ్లీ మొదటికొచ్చింది. ఎన్నిసార్లు నొక్కినా ఇదే తిరుగుడు. ర్యామ్ తీసి వేరే గాడిలో పెట్టాను. బయాస్ సెట్టింగులు మొదటికి తెచ్చాను. పాత బోర్డు డ్రైవర్లు తీసేశాను. బోర్డు ఎక్కడైనా రేకుకు తగులుతోందేమోనని మరలన్నీ విప్పి బిగించాను. ఇంటి ఎర్తింగ్ చూపించాను. పవర్ సప్లై మళ్లీ మార్చాం. పాత డిస్కును పరీక్షిస్తే లోపం లేదని తేలింది. దుకాణదారు చివరికి, "ఇంక డబ్బా ఒక్కటే మిగిలింది సార్, పారేద్దాం" అన్నాడు.

సరేనన్నాను. ఇంట్లో నేను డబ్బా మరలు విప్పబోతుండగానే ఆండాళు పోచంపల్లి నుంచి బస్సులో వచ్చింది. నా మొహం చూసి పక్కన కూర్చుంది.

"అక్క చీరలన్నీ పంచిపెట్టినవు బావా, నీళ్లు తియ్యలేదు కండ్లల్ల. గీ రేకు డబ్బకు గింత గోసనా?"

ఒక్కసారి చూద్దామంటూ ఆమె కరెంటు తీగ తగిలించి, రంగు పోయిన చోట అరచెయ్యి ఆనించి బటన్ నొక్కింది. "లే బిడ్డా, తెల్లారింది" అంది. అచ్చం సుగుణ గొంతే. ఆ మాట నీకెట్ల తెలుసని అడిగాను. "మా అవ్వ మగ్గానికి గట్లనే అంటుండె" అంది.

కంప్యూటర్ లేచింది.

డిజైన్ తెరుచుకుంది. నెమలిపింఛం రంగు అంచు, చీరంతా ఎరుపు. దాన్ని మామూలు బొమ్మగా మార్చి కాపీ చేసుకొని, చీర నేసినాక చూపిస్తానని ఆండాళు వెళ్లిపోయింది.

ఆమె పోయాక ఆపి మళ్లీ నొక్కాను. నీలం తెర. అదే చోట నా చెయ్యి పెట్టాను, లేచింది. ఇక పరీక్షలు మొదలుపెట్టాను. చెయ్యికి బదులు బరువైన పుస్తకం ఆనించాను, తడిబట్ట పెట్టాను, రేకు నుంచి భూమికి తీగ లాగాను. ఏదీ పనిచేయలేదు. డబ్బాకు అవతలి వైపు చెయ్యి పెట్టినా లేవలేదు. మాట అనకుండా చెయ్యి మాత్రం పెడితే లేచింది. అంటే మాటకు ఏ మహిమా లేదు, అది రుజువైంది. అయినా రోజూ అంటూనే ఉన్నాను.

ఆండాళు ఆ చీర నేసి తెచ్చి చూపించింది కూడా. కంప్యూటర్ ఇప్పటికీ అంతే. కారణం తప్పకుండా ఉంటుంది, నాకు దొరకలేదు. ఒక్క పరీక్ష మిగిలే ఉంది. భాగాలన్నీ కొత్త డబ్బాలోకి మార్చి చూడాలి. గంట పని. ఎన్నోసార్లు మరలు విప్పే దాకా వచ్చి, రంగు పోయిన చోట చెయ్యి పెట్టి కూర్చుండిపోయాను.

నా వల్ల కాదు. మీరు రండి. స్క్రూడ్రైవర్ తెచ్చుకోండి, కొబ్బరికాయ తేవద్దు. జర ఆగండని నేను అంటాను. ఆగకండి.