తమ్ముడి మెయిల్ మీద టైము

దెయ్యాలంటే నాకు నవ్వు. ఆమదాలవలసలో ఆన్‌లైన్ సెంటర్ నడుపుతాను. ప్రింటు చేతికొస్తే తప్ప ఏదీ నమ్మే రకాన్ని కాను. ఇదీ ప్రింటు తీసి దాచుకున్నదే.

నా తమ్ముడు ఓడలో వంటమనిషి. కొన్నేళ్ల కిందట, అక్టోబరు ఆఖరి ఆదివారం, వాడి ఓడ ఐరోపాలో ఒక రేవు బయట లంగరేసి ఉంది. ఫోన్ కలిసేది కాదు, ఓడ నెట్‌లో మెయిల్ ఒక్కటే కదిలేది. ఆ ఉదయం నేను చీపురుపల్లి స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉంటే మెయిల్ వచ్చింది. నా ఫోన్‌లో ఆరూ నలభై.

"అక్కా, ఇక్కడ మూడవ్వగానే గడియారం గంట ఎనక్కి తిప్పేసినారు. మళ్లీ రెండయిపోనాది. బాగా సలేస్తన్నాది. అమ్మ లేసిందేటి?"

చలి దేశంలో చలెయ్యక ఉక్కపోస్తుందా అనుకున్నాను. సెంటర్ తెరిచాక రాద్దాంలే అని ఫోన్ బ్యాగులో పడేశాను.

పదకొండింటికి కంపెనీవాళ్లు ఫోన్ చేశారు. రాత్రి రెండూ ఇరవైకి తమ్ముడు డెక్ మీంచి సముద్రంలో పడిపోయాడట, ఇంకా వెతుకుతున్నారట. మెయిల్ మీద అక్కడి టైము రెండూ పది. పడడానికి పది నిమిషాల ముందు రాశాడు పాపం, అన్నారందరూ.

కానీ ఆ రాత్రి అక్కడ రెండూ ఇరవై రెండుసార్లు వచ్చింది. చలికాలం ముందు వాళ్లకది మామూలే. ఏ రెండూ ఇరవై అని కంపెనీవాళ్లని గట్టిగా అడిగాను. గడియారం తిప్పకముందుదే, కెమెరాలో ఉంది, అన్నారు. అంటే మన ఐదూ యాభై. మెయిల్ వచ్చింది ఆరూ నలభైకి, రాసింది గడియారం తిప్పాక. నా ప్రాణం లేచొచ్చింది. పడ్డవాడు పైకి రాకపోతే మెయిల్ ఎలా రాస్తాడు?

మూడో రోజు శవం దొరికింది. మెయిల్ పంపిన ఫోన్ వాడి జేబులోనే, జిప్పు వేసి ఉంది.

తిథి పెట్టాలి కదా, పోయిన గడియ మన టైములో చెప్పమన్నారు పంతులుగారు. ఆ ఉదయం ఆరుంపావు దాకా చతుర్దశి, ఆ తర్వాత అమావాస్య. కంపెనీ కాగితం చూసి చతుర్దశి అన్నాను.

అమ్మ ఒప్పుకోలేదు. "నీకు మెయిలు రాసినోడు సచ్చిపోయినోడెలాగవుతాడే?" అంది.

ఏటా చతుర్దశి నాడు పిండం పెడతాం. మర్నాడు అమావాస్యకి అమ్మ మళ్లీ వాడి పేరున అన్నం వండుతుంది. "ఆ గంటసేపూ ఆడెక్కడున్నాడే?" అని నన్నే అడుగుతుంది. మెయిల్ కంపెనీలకి రాశాను, తెలిసిన ఇంజనీర్లకి చూపించాను. టైము తప్పు కాదనే అన్నారు. నాకైతే ఈ రోజుకీ అంతుపట్టలేదు.

కర్మకాండలన్నీ అయ్యాక ఒక రోజు ఆ మెయిల్‌కి జవాబు రాశాను. "అమ్మ లేసిందిరా."

అది వెనక్కి తిరిగి రాలేదు. చేరిందనీ లేదు.